గేటు దాకా సరే, గేటు దాటాక?

2020 జనవరి 6న వాఘా సరిహద్దులో ఇరవై మంది మత్స్యకారులు పాకిస్తాన్ వైపు నుంచి ఇటు నడిచొచ్చారు. ఎక్కువమంది మన శ్రీకాకుళం, విజయనగరం తీరం వాళ్లే. ఇక్కడ వేట గిట్టుబాటు కాక గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద కూలికి చేరినవాళ్లు. 2018 చివర్లో సముద్రంలో గీత దాటారని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుంటే కరాచీ జైల్లో ఏడాది పైనే ఉన్నారు. వాళ్లు వచ్చే వేళకి మన రాష్ట్ర మంత్రి ఒకరు వాఘాలో ఎదురుచూస్తున్నారు. తర్వాత ముఖ్యమంత్రి ఒక్కొక్కరికీ ఐదు లక్షలు ఇచ్చారు. జైలు నుంచి వచ్చిన మనిషికి ముందు ఎదురెళ్లే మనిషి ఉండాలని, ఇంటిదాకా ప్రయాణం చూడాలని, చేతిలో నాలుగు డబ్బులు పెట్టాలని అప్పుడు ఎవరికీ ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

మరి అదే తీరం మనిషి ఇక్కడి జైల్లోంచి వస్తే? శ్రీకాకుళం పక్కన అంపోలులో జిల్లా జైలు ఉంది, విజయనగరం, పార్వతీపురంలాంటి చోట్ల సబ్‌జైళ్లున్నాయి, పెద్ద శిక్షలు పడినవాళ్లు విశాఖ అడవివరంలోని సెంట్రల్ జైలుకి వెళ్తారు. వీటిలోంచి ఎవరో ఒకరు దాదాపు రోజూ బయటికి వస్తూనే ఉంటారు. "వాళ్లు పొట్టకూటికి వెళ్లి దొరికారు, వీళ్లు నేరం చేశారు కదా" అని ఠక్కున అనేస్తాం. అలా అనే ముందు ఒక లెక్క చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లే.

ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మా వైపు ఒకాయన సంగతి చెప్తాను, పేరు, ఊరు వద్దు. ఉద్దానం మనిషి, యాభై దాటింది, కిడ్నీ సమస్య మొదలైంది, బీపీ మాత్రలు రోజూ పడాల్సిందే. గట్టు తగాదాలో కొట్లాట జరిగి రిమాండ్‌కి వెళ్లాడు, నెలన్నర లోపల ఉన్నాడు. బెయిల్ వచ్చిందని చెప్పి పొద్దుగూకే వేళ బయటికి పంపారు. లోపలికి వెళ్లేటప్పుడు తీసిపెట్టిన వస్తువులు చేతికిచ్చారు, అందులో ఫోన్ ఉంది గాని చార్జింగ్ లేదు. ఇంట్లోవాళ్లు కాగితం రేపు వస్తుందనుకుని లాయరు దగ్గరే ఉండిపోయారు. రోడ్డు మీద టీ కొట్టతను చూసి "ఏటి బాబూ, ఊరెల్లడానికి డబ్బులున్నాయేటి?" అని అడిగి ఆ రాత్రికి బల్ల మీద పడుకోనిచ్చాడు. లోపల ఏ మాత్రలు వేశారో, ఎంత మోతాదో ఆయన చేతిలో చిన్న చీటీ కూడా లేదు. ఊరెళ్లాక పది రోజులు మందుల్లేవు, ఎందుకంటే ఆస్పత్రికి వెళ్లాలంటే మొహం చెల్లలేదు. ఆదివారం ఆదివారం స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టడం మాత్రం తప్పలేదు. ఏటా చెన్నైకో హైదరాబాద్‌కో పనికి వెళ్లే మనిషి, ఆ సంతకం వల్ల ఆ ఏడు వెళ్లలేకపోయాడు.

ఇందులో ఎవరో కావాలని చేసిన తప్పేమీ కనిపించదు. అందరూ తమ పని చేశారు. గేటు బయట మాత్రం ఎవరికీ పని లేదు, మనకి చిక్కంతా అక్కడే.

ఇది ఈ మధ్య పుట్టిన చిక్కు కాదు. మన జైళ్లని ఇప్పటిదాకా నడిపించిన మూల చట్టం 1894 నాటిది. అది లోపలి క్రమశిక్షణ గురించి, కాపలా గురించి రాసిన చట్టం. ఆ తర్వాత 1919-20లో జైళ్ల కమిటీ ఒకటి వేశారు, దాని అధ్యక్షుడు సర్ అలెగ్జాండర్ కార్డ్యూ మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన ఐసీఎస్ అధికారి. శిక్షంటే మనిషిని బాగుచేయడం కూడా అని, విడుదలైనవాడికి సాయం చేసే సంఘాలు ఉండాలని ఆ కమిటీ అప్పుడే చెప్పింది. ఇంగ్లండ్‌లో అలాంటి సంఘాల కోసం 1862లోనే చట్టం ఉంది. ఆ నమూనాలోనే మద్రాసులోనూ విడుదలైన ఖైదీల సహాయ సంఘం పుట్టింది. అయితే అవన్నీ పెద్దమనుషులు చందాలతో నడిపేవి, నగరం దాటి చికాకోల్, అంటే మన శ్రీకాకుళం, దాకా వచ్చే శక్తి వాటికి ఎక్కడిది.

1936లో మద్రాసు ప్రొబేషన్ చట్టం వచ్చింది. ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వాన్ని నడుపుతున్నది మన బొబ్బిలి రాజావారే, ఇది మాత్రం మనవాళ్లకి పెద్దగా గుర్తుండదు. చిన్న నేరం చేసినవాణ్ని జైలుకి పంపకుండా ఒక అధికారి కనిపెట్టి ఉండేలా వదిలేయడం అందులో ఆలోచన. 1958లో దేశమంతటికీ కేంద్రం చేసిన ప్రొబేషన్ చట్టం కూడా అదే దారిలో వచ్చింది. దాని 14వ సెక్షన్ చదివితే ముచ్చటేస్తుంది, తన పర్యవేక్షణలో ఉన్న మనిషికి అవసరమైతే పని వెతికిపెట్టే ప్రయత్నం చేయడం కూడా ప్రొబేషన్ అధికారి డ్యూటీ అని రాసి ఉంటుంది. కానీ ఆ అధికారి దొరికేది కోర్టు జైలుకి పంపకుండా వదిలినవాడికి. జైలుకి వెళ్లి అన్నీ పోగొట్టుకుని వచ్చినవాడికి అలాంటి అధికారి లేడు! ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లని వదిలేసి చట్టం పక్కింటి తలుపు కొట్టినట్టయింది.

నిజానికి ఆ కాలంలో, జైలు నుంచి వచ్చినవాడి వెంట ప్రభుత్వం అస్సలు నడవలేదని చెప్పలేం, నడిచింది, కాకపోతే పోలీసు రూపంలో నడిచింది. కొన్ని కులాలకి పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు వైపు కూడా తెచ్చారు, బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే, కులం మొత్తానికి హాజరు పట్టీ పెట్టేవాళ్లు. 1952లో ఆ చట్టం పోయింది గాని స్టేషన్‌లో మనిషి పేరిట షీట్ తెరిచి కన్నేసి ఉంచే అలవాటు పోలేదు. ఊళ్లో ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఎవరి ఇంటికి వెళ్తారో మీకూ తెలుసు. ఇంకోవైపు జైలుకెళ్లొచ్చినందుకు దండలు వేసిన సందర్భమూ ఉంది, స్వాతంత్ర్యం కోసం ఆరు నెలలు జైల్లో ఉన్నవాళ్లకి 1972 నుంచి కేంద్రం పెన్షన్ ఇచ్చింది. కాబట్టి జైలు నుంచి వచ్చిన మనిషికి నెలనెలా డబ్బులు పంపడం ప్రభుత్వానికి చేతకాని పనేం కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక కమిటీలకి కొదవ లేదు. 1954లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఎం.ఎస్. గోరే అధ్యక్షతన ఒక కమిటీని వేసి, సంస్థల నుంచి, జైళ్ల నుంచి బయటికొచ్చేవాళ్లకి ఏం చేయాలో చెప్పమంది. తర్వాత 1980-83లో జస్టిస్ ఆనంద్ నారాయణ్ ముల్లా కమిటీ. ఆ తర్వాత 2016 మోడల్ జైలు మాన్యువల్. అన్నిట్లోనూ విడుదల తర్వాతి సంరక్షణ గురించి మంచి మాటలున్నాయి. విడుదలకి ముందే ప్లాన్ వేయాలి, కుటుంబంతో మాట్లాడాలి, పని చూడాలి అని. 2015లో ఖైదీలతో ఎలా మెలగాలో ఐక్యరాజ్యసమితి కొత్తగా రాసుకున్న మండేలా నియమాల్లోనూ అంతే, బయటికెళ్లే మనిషికి గుర్తింపు కాగితాలు, కాలానికి తగ్గ బట్టలు, ఊరు చేరే దారి ఖర్చు ఉండేలా చూడాలని.

ఇవన్నీ చదువుతుంటే నాకొకటి కనిపించింది. ఈ కమిటీల మనసులో ఉన్న ఖైదీ ఎవరంటే, శిక్ష పడినవాడు. ఏ తేదీన బయటికొస్తాడో ముందే తెలుస్తుంది, ఆరు నెలల ముందు నుంచీ తయారు చేయొచ్చు. మన సబ్‌జైళ్లలో ఉండే మనిషి అలాంటివాడు కాదు. ఇరవై రోజులో నలభై రోజులో ఉంటాడు, బెయిల్ ఎప్పుడొస్తుందో వాడికీ తెలీదు, జైలర్‌కీ తెలీదు. బెయిల్ ఉత్తర్వు జైలుకి మెయిల్‌లో వచ్చిన గంటలో బయట ఉంటాడు. ఆ నలభై రోజుల్లోనే మేస్త్రీ ఇంకొకణ్ని పెట్టుకుంటాడు, ఇంటి వాళ్లు ష్యూరిటీ, అంటే బెయిల్ పూచీకత్తు, కోసం అప్పు చేస్తారు. పెన్షన్ వరసగా కొన్ని నెలలు తీసుకోకపోతే ఆగుతుంది, మళ్లీ సచివాలయం చుట్టూ తిరగాలి. పోయేవన్నీ పోతాయి, కానీ "విడుదలైన ఖైదీ" అనే మాటలో మాత్రం వాడు పడడు.

విచారణ ఖైదీ గురించి కోర్టులు మాట్లాడలేదా అంటే చాలానే మాట్లాడాయి. 1978లో మోతీరామ్ కేసు అని ఒకటుంది. ఒక పేద తాపీ మేస్త్రీకి పదివేల ష్యూరిటీ పెట్టారు, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని దాన్ని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని గట్టిగా తప్పుపట్టారు. మరుసటి ఏడు బీహార్ ఖైదీల గురించి హుస్సేనారా ఖాతూన్ కేసు. అయినా లోకల్ ష్యూరిటీ, అంటే ఈ ఊరివాడే పూచీ ఇవ్వాలి, అనే మాట మన కోర్టు హాళ్లలో ఇంకా వినబడుతూనే ఉంటుంది, పట్టాదారు పాస్‌బుక్కో ఇంటిపన్ను రసీదో పట్టుకుని చెట్టు కింద నిలబడ్డవాళ్లని చూస్తూనే ఉంటాం. సీతంపేట కొండల మీద సవర గిరిజన కుటుంబానికి పాస్‌బుక్కున్న చుట్టాన్ని వెతకడమంటే మాటలా. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. బెయిల్ ఉత్తర్వు అదే రోజో మర్నాడో జైలుకి మెయిల్‌లో వెళ్లాలి, ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంట్ ఉచిత న్యాయసాయం చూసే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి, నెలైనా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు తగ్గించే విషయం చూడొచ్చు, లోకల్ ష్యూరిటీ కోసం పట్టుబట్టొద్దు.

అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల సాయం పథకం తెచ్చింది. బడ్జెట్‌లో చెప్పి, ఆ ఏడే మార్గదర్శకాలు ఇచ్చారు. జరిమానా కట్టలేక లోపలే ఉన్నవాడికి 25 వేల దాకా, బెయిల్ వచ్చినా డబ్బు కట్టలేనివాడికి 40 వేల దాకా అని అప్పుడు పెట్టారు. జిల్లాకో కమిటీ, అందులో కలెక్టరు, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంట్, ఒక జడ్జి. మంచి పథకమే, కాదనను. కాకపోతే మాదకద్రవ్యాల చట్టం కేసుల్లో ఉన్నవాళ్లకి వర్తించదు. మన దారిన గంజాయి ఎలా పోతుందో తెలిసినవాళ్లకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఒడిశా నుంచి ఇచ్ఛాపురం మీదుగానో, ఏజెన్సీ నుంచి ఎస్.కోట వైపుగానో బ్యాగు మోసి దొరికేది పద్దెనిమిది ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, సరుకు అసలు యజమాని ఎప్పుడోగాని దొరకడు. 20 కిలోలు దాటితే బెయిల్ ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. వీళ్లలో కొందరికి గంజాయి అలవాటు కూడా ఉంటుంది, బయటికి వచ్చినరోజు మొదట కలిసేది మళ్లీ ఆ బ్యాగు ఇచ్చినవాడే.

మందుల సంగతికొస్తే ఇంకా కంగారు పుడుతుంది. 2007లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ముప్పై వేల మందికి పైగా విడుదలైన ఖైదీల రికార్డులు చూసి ఒక అధ్యయనం చేశారు. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే పన్నెండు రెట్లకి పైగా ఉందని తేలింది, పెద్ద కారణం మత్తుమందుల మోతాదు మించడం. అక్కడి మత్తు వేరు, ఇక్కడి పరిస్థితి వేరు, ఆ అంకె ఇక్కడ అలాగే పనిచేస్తుందని నేననను. కానీ ఆ రెండు వారాలు ఎందుకు గండమో మనకీ అర్థమవుతుంది. టీబీ మందులు ఆరు నెలలు ఆపకుండా వాడాలి. మూర్ఛ మాత్ర ఒక్కసారిగా ఆపకూడదు. మానసిక జబ్బుకి 2017 చట్టం 103వ సెక్షన్ జైల్లో వైద్యం గురించి వివరంగానే చెప్తుంది. కానీ బెయిల్ మీద పంపేస్తే కాగితం లోపలి ఫైల్లోనే ఉండిపోయే ప్రమాదముంది. విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రికి శ్రీకాకుళం నుంచి ఒక్కడే బస్సెక్కి వెళ్లే స్థితిలో ఆ మనిషి ఉంటే అసలు గొడవే లేదు. 14416కి ఫోన్ చేయొచ్చు, మానసిక సాయానికి టెలి మానస్ అనే ఈ ఫోన్ లైను 2022 నుంచి ఉంది. ఫోన్ చార్జింగ్ ఉండాలి మరి.

ఆడవాళ్ల విషయంలో మాత్రం ఒక పథకం విడుదలైనవాళ్లని పేరుపెట్టి తలచుకుంది. 2001-02లో మొదలైన స్వధార్, జైలు నుంచి వచ్చి నా అన్నవాళ్లు లేని స్త్రీలకి ఆశ్రయం ఇవ్వాలని అందులో రాశారు, ఇప్పుడది శక్తి సదన్ పేరుతో ఉంది. శిక్ష పడిన ఆడవాళ్లు వెళ్లే ప్రత్యేక జైలు రాజమహేంద్రవరంలో ఉంది, ఇచ్ఛాపురం నుంచి నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. ములాఖత్‌కే ఎవరూ అంతదూరం వెళ్లలేరు, ఇక విడుదల రోజున ఎవరొస్తారు.

బయట ఏదీ లేదని కాదు. ముంబయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ప్రయాస్ అనే ప్రాజెక్టు 1990 నుంచి జైల్లోనే సోషల్ వర్కర్లని పెట్టి పనిచేస్తోంది, లోపల పరిచయమైన మనిషే బయట కూడా ఫోన్ ఎత్తుతారు. మన దగ్గర జైళ్ల శాఖ ఖైదీలకి పని చూపేలా పెట్రోలు బంకులు నడుపుతోంది. న్యాయసేవాధికార సంస్థ పారా లీగల్ వాలంటీర్లు ఉన్నారు, న్యాయసాయం కోసం 15100 నంబరు ఉంది, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. వీటన్నిట్లో చవకైంది, రేపే మొదలుపెట్టగలిగింది నా లెక్కన ఆ మందుల చీటీ. బయటికి పంపేటప్పుడు వస్తువుల జాబితాతో పాటు ఒక కాగితం, రెండు వారాల మాత్రలు, దగ్గర పీహెచ్‌సీ పేరు.

పేద ఖైదీల పథకం మార్గదర్శకాలు మళ్లీ తీసి చూశాను. జిల్లా కమిటీ కావాలనుకుంటే సామాజిక కార్యకర్త సాయం, జిల్లా ప్రొబేషన్ అధికారి సాయం తీసుకోవచ్చని ఉంది. అంటే 1936 నుంచీ తప్పు తలుపు దగ్గర నిలబడి ఉన్న అధికారికి జైలు వైపు దారి కాగితం మీద ఇప్పటికి తెరుచుకుంది. కమిటీ సభ్యుల్లో జిల్లా వైద్యాధికారి మాత్రం లేరు.