పాతకాలం పెద్ద ఫిల్మ్ రంగుల ఫోటోలు: అపోహలు - వాస్తవాలు

1940ల నాటి రంగుల ఫోటో ఒకటి కంటపడితే చాలు, "అబ్బ, నిన్న తీసినట్టుందే!" అంటారు. వెంటనే కారణాలు కూడా చెప్పేస్తారు. విడివిడి రేకులుగా వచ్చే పాత షీట్ ఫిల్మ్‌లు శుభ్రం చేసి స్కాన్ చేయడం నా పని కాబట్టి ఆ కారణాలు తరచూ నా చెవిన పడుతుంటాయి. చాలావరకు నిజం కాదు. అసలు సంగతి అంతకంటే బాగుంటుంది.

అపోహ: అవి నలుపు తెలుపు ఫోటోలు, తర్వాత ఎవరో రంగులద్దారు.

అమెరికా ప్రభుత్వం 1939 నుంచి 1944 దాకా తీయించిన రంగుల ఫోటోలు సుమారు 1,600 వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. కొన్ని 35 ఎంఎం స్లైడ్లు, మరికొన్ని 4x5 అంగుళాల షీట్లు. తీసిందే కలర్ ఫిల్మ్ మీద. అప్పటి పత్రికలు ఎక్కువగా నలుపు తెలుపులోనే అచ్చయ్యేవి కాబట్టి ఆ కాలమంతా అలాగే ఉండేదని మన మనసులో పడిపోయింది, అంతే.

ఇంకా నమ్మకం కలగకపోతే కొడాక్రోమ్ అనే కొడాక్ కంపెనీ కలర్ ఫిల్మ్ షీటు ఒకదాన్ని అంచులు పట్టుకుని లైటు కింద ఏటవాలుగా తిప్పి చూడండి. ఎమల్షన్ (బొమ్మ పడే రసాయన పూత) వైపు బొమ్మ చెక్కినట్టుగా, కొంచెం ఎత్తుపల్లాలతో కనబడుతుంది. తర్వాత అద్దిన రంగుకు ఆ ఎత్తుపల్లాలు రావు.

అపోహ: పాత రంగుల ఫోటో అంటే వెలిసిపోయి, ఎర్రబారి ఉండాలి.

ఫోన్లలో "వింటేజ్" ఫిల్టర్లు మనకు నేర్పిన పాఠం ఇది. ఎర్రబారేవి ఉన్నాయి, కాదనను. 1946లో వచ్చిన ఎక్టాక్రోమ్ అనే మరో కొడాక్ కలర్ ఫిల్మ్ తొలినాటి షీట్లలో నీలి రంగు ముందుగా తగ్గిపోయి, మిగతావి పైకి తేలి బొమ్మంతా ఎర్రగా తయారవుతుంది. కానీ కొడాక్రోమ్ సంగతి వేరు.

రంగు పుట్టడానికి కప్లర్లు అనే రసాయనాలు కావాలి. మామూలు కలర్ ఫిల్మ్‌లో అవి పొరల్లోనే కలిపి ఉంటాయి. ఫిల్మ్ కడిగాక వాడకుండా మిగిలినవి లోపలే ఉండిపోయి, ఏళ్లు గడిచేకొద్దీ మరకలకూ రంగు పాడవడానికీ దారితీస్తాయి. కొడాక్రోమ్‌లో ఆ కప్లర్లు ఫిల్మ్‌లో ఉండవు, డెవలపర్‌లో, అంటే కడిగే ద్రావణంలో, ఉంటాయి. కడిగాక మిగిలేది రంగు మాత్రమే. అందుకే ఎనభై ఏళ్ల షీటు కూడా లైట్ బాక్స్ (కింది నుంచి వెలుగు వచ్చే పెట్టె) మీద పెడితే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. దీనికీ రెండు మినహాయింపులు. ఆ ఫిల్మ్ 1935లో వచ్చింది, 1938లో కడిగే పద్ధతి మారింది. అంతకు ముందు కడిగినవి బాగా వెలిశాయి. రెండోది, ఈ గట్టిదనమంతా చీకట్లో దాచినప్పుడే. ప్రొజెక్టర్ వెలుతురులో కొడాక్రోమ్ ఎక్టాక్రోమ్ కంటే త్వరగా వెలిసిపోతుంది.

అపోహ: అంత స్పష్టత రావడానికి కారణం అప్పటి లెన్సులు.

లెన్సులు మంచివే. కానీ పని చేసింది ఎక్కువగా ఫిల్మ్ సైజు. 16x20 అంగుళాల ప్రింటు వేయాలంటే 4x5 షీటును నాలుగింతలు పెంచితే చాలు. అదే 35 ఎంఎం ఫ్రేమును దాదాపు పదిహేడింతలు పెంచాలి. పెంచేకొద్దీ గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నని రేణువులు) పెరుగుతుంది, లెన్సు లోపమూ పెరుగుతుంది. పెద్ద షీటులో ఓ మోస్తరు లెన్సు కూడా గొప్పగా కనిపిస్తుంది. ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: చిన్న ఫిల్మ్‌లో చర్మం రంగు మారే చోట గ్రెయిన్ అడ్డొస్తుంది, పెద్ద షీటులో చెంప మీది వెలుగు నీడలోకి మెల్లగా జారుతుంది. "నిన్న తీసినట్టుంది" అనిపించేది నా లెక్కలో స్పష్టత కన్నా దీనివల్లే.

అపోహ: లార్జ్ ఫార్మాట్ (4x5, అంతకంటే పెద్ద షీట్లు) అంటే వెనకంతా బ్లర్.

ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) బాగా తెరిస్తే నిజమే. కానీ అప్పటివాళ్లు దాన్ని ఎఫ్/22, ఎఫ్/32 అనే చిన్న సైజుల దాకా మూసి తీసేవారు. పైగా లెన్సును ముందుకు వంచి, ముందున్న రాళ్ల నుంచి వెనకున్న కొండ దాకా ఒకే ఫోకస్‌లోకి తేవచ్చు. బ్లర్ కోసం లార్జ్ ఫార్మాట్ కొనేవాళ్లు ఈ కాలంలోనే ఎక్కువ.

అపోహ: అంతా సహజమైన వెలుతురు, ఉన్నదున్నట్టు పట్టేశారు.

ఈ మాట వింటే నాకు నవ్వొస్తుంది. అప్పటి కొడాక్రోమ్ వేగం (వెలుతురుకు స్పందించే శక్తి) ఇప్పటి లెక్కలో 10 ఐఎస్‌ఓ దగ్గర్లో ఉండేది. మండే ఎండలో కూడా ఎఫ్/22 పెడితే సెకనులో ఐదో వంతు ఎక్స్‌పోజర్ కావాలి. ఇక ఫ్యాక్టరీ షెడ్డులో అయితే చెప్పేదేముంది! 1943 ఫిబ్రవరిలో అమెరికాలోని నాష్‌విల్‌లో ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ పామర్ తీసిన ఫోటో ఒకటి ఉంది. డైవ్ బాంబర్ విమానానికి ఒక మహిళ చేతి డ్రిల్‌తో రంధ్రం వేస్తూ ఉంటుంది. ఏదో దారిన పోతూ తీసిన ఫోటోలా అనిపిస్తుంది. లోహం మీది మెరుపులు, ముఖం మీది వెలుగు ఎటునుంచి పడ్డాయో చూడండి. లైట్లు అమర్చారు, ఆమెను కదలకుండా ఉండమన్నారు. అందులో తప్పేం లేదు. ఆ ఫోటోలు ప్రచారం కోసమే తీయించినవి. వాటి నిండుదనంలో సగం ఆ లైటింగ్‌దే. రంగులన్నీ ఫిల్మ్ ఇచ్చినవేనని అనుకుంటే పామర్ కష్టాన్ని తక్కువ చేసినట్టే.

అపోహ: స్కానర్‌లో పెట్టి బటన్ నొక్కితే అసలు రంగు వచ్చేస్తుంది.

రాదు. మామూలు స్లైడ్ సెట్టింగులో కొడాక్రోమ్ నీలంగా వస్తుంది. దానికి ప్రత్యేకమైన ప్రొఫైల్ (రంగులు సరిచేసే సెట్టింగుల ఫైలు) కావాలి. దుమ్మును తనంతట తాను తీసేసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం కూడా దీని మీద సరిగా పనిచేయదు, బొమ్మలోని ముదురు భాగాలనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. కాబట్టి ముందు బ్లోయర్‌తో ఊది, స్కాన్ అయ్యాక ప్రతి చుక్కనూ చేత్తో తుడవాలి. విసుగు పుట్టించే పనే, వేరే దారి లేదు. నెట్‌లో మెరిసిపోయే కొన్ని కాపీలలో రంగు, కాంట్రాస్ట్ ఎవరో పెంచి ఉంటారు. పోల్చి చూడాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులోని పెద్ద ఫైలు తెరవండి.

అపోహ: అటక మీద దొరికిన కడగని కొడాక్రోమ్‌ను ఇప్పుడైనా రంగుల్లో కడిగించుకోవచ్చు.

షీట్ కొడాక్రోమ్ తయారీ 1951లోనే ఆగింది. చిన్న సైజు ఫిల్మ్‌ను కడిగే చివరి ల్యాబ్, కాన్సస్‌లోని డ్వేన్స్ ఫోటో, 2010 డిసెంబర్ 30తో తీసుకోవడం మానేసింది. ఇప్పుడు కడిగితే నలుపు తెలుపు బొమ్మ దక్కవచ్చు. రంగుల్లో ఇస్తానని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే, అలా కడిగిన షీటు ఒకటి చూపించమనండి.