పెంచుకున్న బిడ్డకు ఆస్తి వస్తుందా? ముస్లిం కుటుంబాల్లో అపోహలు - వాస్తవాలు

పిల్లల్లేని దంపతులు తమ్ముడి కొడుకునో, అక్క కూతురినో తెచ్చి పెంచుకోవడం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ముస్లిం ఇళ్లలోనూ మామూలే. పక్కింటి హిందూ కుటుంబాల దత్తత చూసి, ఆ పద్ధతే తమకూ నడుస్తుందనుకుంటారు. బిడ్డ నష్టపోయేది అక్కడే.

అపోహ: పెద్దల ముందు దత్తత కాగితం రాసుకుంటే కొడుకుతో సమానం.

కాదు. పెంచుకున్నవాళ్లను వాళ్ల కన్నతండ్రుల పేరుతోనే పిలవమని ఖురాన్‌లో అహ్‌జాబ్ సూరా 4, 5 ఆయతులు చెబుతున్నాయి. పెంచడం పుణ్యకార్యమే. వారసత్వం మాత్రం రక్తసంబంధం వల్ల, నికాహ్ వల్ల వస్తుంది. ఆధార్‌లో, రేషన్ కార్డులో, బడి సర్టిఫికెట్లో తండ్రి పేరు మార్చినంత మాత్రాన వాటా పుట్టదు. పాలిచ్చి పెంచినా అంతే; ఆ బంధం వల్ల కొందరితో పెళ్లి నిషిద్ధమవుతుంది, ఆస్తి రాదు.

అపోహ: పెంపకానికి ఇచ్చేశాక కన్నవాళ్ల ఆస్తిలో హక్కు పోతుంది.

ఇది హిందూ దత్తత నియమం. ముస్లిం కుటుంబంలో కేవలం పెంచుకోవడం వల్ల బిడ్డకు కన్నవాళ్ల దగ్గర ఉన్న వాటా చెక్కుచెదరదు. అన్నదమ్ములు పంపకాలు చేసుకునేటప్పుడు ఈ బిడ్డను వదిలేస్తే ఆ పంపకమే తప్పు.

అపోహ: పొలానికి షరియత్ వర్తించదు, ఊరి ఆచారమే చెల్లుతుంది.

1937 నాటి షరియత్ చట్టం మొదట వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజం. 1949లో మద్రాసు ప్రభుత్వం సవరణ తెచ్చి ఆ మినహాయింపు తీసేసింది. మన జిల్లాలు అప్పుడు మద్రాసులోనివే. ఇక దత్తత ఆచారం సంగతి: ఆచారాన్ని పక్కనపెట్టి షరియత్ వర్తించే విషయాలు చెప్పే ఆ చట్టం రెండో సెక్షన్లో దత్తత మాట లేదు కాబట్టి ఆచారం ఉందని వాదించే దారి పూర్తిగా మూసుకుపోలేదు. కానీ ఆచారం పాతదని, తెగకుండా నడుస్తోందని సాక్ష్యంతో రుజువు చేయాల్సింది బిడ్డే. రెండిళ్లలో జరిగిందంటే చాలదు.

అపోహ: వీలునామా రాస్తే ఆస్తంతా బిడ్డదే.

ముందు అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీరాలి. భార్యకు బాకీ ఉన్న మహర్ (నికాహ్‌లో భర్త ఇస్తానన్న సొమ్ము) కూడా అప్పే. మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వీలునామా చెల్లుతుంది. 36 లక్షలు మిగిలాయి, వారసులు భార్య, సొంత తమ్ముడు అనుకుందాం. వీలునామా లేకపోతే భార్యకు 9, తమ్ముడికి 27, పెంచుకున్న బిడ్డకు సున్నా. వీలునామా ఉంటే బిడ్డకు 12, భార్యకు 6, తమ్ముడికి 18. మూడో వంతు దాటితే వారసులు ఒప్పుకోవాలి. సున్నీల్లోని హనఫీ సంప్రదాయంలో ఆ ఒప్పుకోలు రాసినవారు పోయాక ఇవ్వాలి. బతికుండగా తమ్ముడితో ముందే సంతకం పెట్టించుకుని నిశ్చింతగా ఉండిపోవద్దు.

ఇంకో మెలిక. పెంచుకున్నది ఆ తమ్ముడి కొడుకునే అయితే, తమ్ముడు ముందే పోతే ఈ పిల్లవాడే వారసుడైపోవచ్చు. వారసుడికి రాసిన వీలునామాకు మిగతా వారసుల సమ్మతి కావాలి. ఇంట్లో ఎవరు పోయినా వీలునామా మళ్లీ చూపించుకోండి.

అపోహ: దాన దస్తావేజు రిజిస్టరయితే చాలు.

ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. హిబాకు, అంటే ముస్లిం చట్టం ప్రకారం చేసే దానానికి, మూడు కావాలి: ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం అప్పగించడం. ఈ మూడూ ఉంటే నోటిమాట హిబా కూడా చెల్లుతుంది. స్వాధీనం లేకపోతే రిజిస్ట్రేషన్ కాపాడదు. మన దగ్గర సెటిల్మెంటు దస్తావేజుల్లో అలవాటుగా రాసే ‘నా తదనంతరం నీవు సర్వహక్కులతో అనుభవించవలెను’ అన్న వాక్యం హిబాను చంపేస్తుంది, ఎందుకంటే భవిష్యత్తులో అమల్లోకి వచ్చే హిబా చెల్లదు. దస్తావేజు లేఖరి పాత నమూనా తీసినప్పుడు ఆ వాక్యం కొట్టేయించండి. ఆ తర్వాత ఇంటిపన్ను, కరెంటు మీటరు, పట్టాదారు పాస్‌బుక్కు బిడ్డ పేరుకు మార్చండి. అద్దెకున్నవాళ్లకు ఇకపై అద్దె ఎవరికివ్వాలో కాగితం మీద చెప్పండి.

బిడ్డ మైనరైతే స్వాధీనం కన్నతండ్రికి, ఆయన లేకపోతే చట్టబద్ధ సంరక్షకుడికి అప్పగించాలి. పెంచినవాళ్లు వాళ్లంతట వాళ్లు సంరక్షకులు కారు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టు నియమించాలి. పంచుకోని ఉమ్మడి వాటా అయితే ముందు హద్దులు తేల్చుకోవడం మేలు. మరణశయ్య మీద ఇచ్చే హిబాకు మళ్లీ మూడో వంతు పరిమితే.

అపోహ: ముస్లింలకు చట్టబద్ధ దత్తత దారే లేదు.

ఉంది. ఇష్టమైనవారు ఏ మతంవారైనా జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 చట్టం. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరు. దత్తత ఉత్తర్వు అమల్లోకి వచ్చిన తేదీ నుంచి బిడ్డ, వీలునామా లేని వారసత్వంతో సహా అన్నింటికీ కన్నబిడ్డతో సమానమని 63వ సెక్షన్ చెబుతోంది. కన్న కుటుంబంతో బంధం మాత్రం తెగుతుంది. ఉత్తర్వు చేతిలో ఉన్నా, షరియత్ పేరుతో దాయాదులు దావా వేస్తే ఏళ్లు గడిచిపోతాయి. కాబట్టి దత్తత తీసుకున్నవారు కూడా కనీసం ఇల్లయినా హిబా చేసి, స్వాధీనం అప్పగించి ఉంచండి.