పట్టపగలు రాత్రి చేసే గది

హైదరాబాద్ జూపార్క్ చూసొచ్చినవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: "పులి పడుకునే ఉంది!" పడుకోక ఏం చేస్తుంది? మనం వెళ్లేదేమో ఎండ నడినెత్తికొచ్చాక. అదేమో చల్లటి వేళల్లో వేటాడే జంతువు. సింహమైతే రోజులో 20 గంటల దాకా కదలకుండా గడిపేస్తుంది. వాటిని లేపాలని ఈలలు వేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మీర్ ఆలం చెరువు పక్కన 1963లో తెరిచిన ఈ జూ దాదాపు 380 ఎకరాలు. అంతా తిరిగే ఓపిక లేకపోతే నిశాచర జంతువుల గది ఒక్కటి చూసినా చాలంటాను. అక్కడ లైట్లతో ఒక కిటుకు చేశారు. రాత్రంతా లోపల లైట్లు వెలుగుతాయి. పొద్దున మనం వెళ్లేసరికి గుడ్డి వెలుతురే ఉంటుంది. రాత్రయిందనుకుని జంతువులు లేచి తిరుగుతాయి.

అవి ఇంత తేలిగ్గా ఎలా మోసపోతాయి? క్షీరదాల మెదడులో, రెండు కంటి నరాలు కలిసే చోటుకి కాస్త పైన, ఒక చిన్న నాడీకణాల గుంపు ఉంది. శరీరంలోని గడియారం అదే. దాని రోజు కచ్చితంగా 24 గంటలు కాదు, కొంచెం అటూఇటూగా నడుస్తుంది. కంట్లో పడే వెలుతురే దాన్ని రోజూ సరిచేస్తుంది. వెలుతురు వేళలు మారిస్తే కొన్నాళ్లకి గడియారమూ మారుతుంది. అమెరికా నుంచి దిగినవాళ్లు మొదట్లో అర్ధరాత్రి లేచి కూర్చుని, తర్వాత సర్దుకునేదీ ఇలాగే.

లోపలికెళ్లగానే ఏమీ కనబడదు. వెంటనే బయటికొచ్చేయకండి. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి అరగంట దాకా పడుతుంది గానీ, ఐదు నిమిషాలు ఆగినా తేడా తెలుస్తుంది. అప్పుడు కనిపిస్తుంది కొమ్మ మీద దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్; పేరుకే పిల్లి, నిజానికి కోతులకి దూరపు చుట్టం). తోక లేదు, బక్కచిక్కిన కాళ్లూ చేతులూ, ముఖమంతా కళ్లే. ఒక చెయ్యి కొమ్మను గట్టిగా పట్టుకున్నాకే రెండోది వదులుతుంది. చిన్న చప్పుడు కూడా రాదు. శేషాచలం అడవుల్లోనూ ఉండే ఈ ప్రాణి కంట్లో, రెటీనా (వెలుతురుని పట్టుకునే పొర) వెనక, కాంతిని తిప్పికొట్టే పొర ఒకటి ఉంది. రెటీనాకి ఒకసారి చిక్కకుండా పోయిన వెలుతురు దీనికి తగిలి మళ్లీ వెనక్కొస్తుంది. హెడ్‌లైట్ పడితే వీధి పిల్లి కళ్లు మెరిసేదీ ఇలాంటి పొర వల్లే.

గుడ్లగూబది వేరే ఏర్పాటు. దాని కళ్లు గొట్టాల ఆకారంలో ఉండి, కంటి గుంటల్లో దాదాపు కదలవు. పక్కకి చూడాలంటే తల తిప్పాల్సిందే. మెడలో మనకి 7 ఎముకలుంటే దానికి 14. అందుకే 270 డిగ్రీల దాకా తిప్పేస్తుంది.

ఇంతలో ఎవరో ఒకరు ఫోన్ ఫ్లాష్ కొడతారు. జంతువులు బెదురుతాయి, అప్పటిదాకా చీకటికి అలవాటుపడిన మన కళ్లూ మళ్లీ మొదటికొస్తాయి.