మాల, వుజూ, ప్రశ్నలు: కుర్రకారు నమ్మకాల మీద అపోహలు - వాస్తవాలు

యుక్తవయసు పిల్లల కౌన్సెలింగ్‌కి వచ్చే తల్లిదండ్రుల ఫిర్యాదులు ఎక్కువగా రెండే: "మావాడికి భక్తి ముదిరింది", "మావాడికి భక్తే లేదు". చాలాసార్లు రెంటి వెనకా ఉండేది నేనెవరన్న వెతుకులాటే. ఏ దేవుణ్ని నమ్ముతున్నారో మేం పెద్దగా అడగం. నమ్మకం వచ్చాక, లేదా పోయాక, నిద్ర, చదువు, స్నేహాలు ఏమయ్యాయో అడుగుతాం.

అపోహ: ప్రశ్నలు వేస్తున్నారంటే దారి తప్పుతున్నట్టే.

వాస్తవం: వెతుకులాట ఎంత, కట్టుబాటు ఎంత అన్న రెండింటినీ బట్టి మనస్తత్వవేత్త జేమ్స్ మార్షియా 1966లో నాలుగు స్థితులు చెప్పాడు. వెతక్కుండానే పెద్దల మాట పట్టుకున్నవాళ్లు ఒక రకం. ఇంట్లో వీళ్లే బుద్ధిమంతులు. హాస్టల్లో రూమ్మేట్ ఒక్క ప్రశ్న వేస్తే తడబడేదీ, లేదంటే గొడవకి దిగేదీ ఎక్కువగా వీళ్లే. వెతుకుతూ ఇంకా తేల్చుకోనివాళ్లు మరో రకం, ఇంట్లో వీళ్లకే తిట్లు. "శబరిమలకి నేనెందుకు వెళ్లకూడదు?" అని పదహారేళ్ల కూతురు అడిగితే "కళ్లు పోతాయ్" అనకండి. ఆ ప్రశ్న అక్కడితో ఆగదు, ఫోన్లోకి వెళ్తుంది. 2018 సుప్రీంకోర్టు తీర్పు, దానికి అటూ ఇటూ వచ్చిన వాదనలు కలిసి చదవండి. మీకు తెలియనిది తెలియదనే చెప్పండి.

అపోహ: అయ్యప్ప మాల వేసుకుంటే తాగుడు దానంతటదే పోతుంది.

వాస్తవం: 41 రోజుల మండలం, చన్నీటి స్నానం, నల్లబట్టలు, చెప్పుల్లేని నడక, నేల మీద పడక. పైగా నిన్నటిదాకా "ఒరేయ్" అన్న నాన్న కూడా "స్వామీ" అంటాడు. ఇంత గట్టి కట్టుబాటు మేం క్లినిక్‌లో పెట్టలేం, ఒప్పుకోవాల్సిందే. చిక్కు రెండు చోట్ల వస్తుంది.

రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఒళ్లంతా వణుకు, జ్వరం, మతి తప్పడం, లేనివి కనిపించడం. ఇంట్లోవాళ్లేమో స్వామి పూనాడనుకుని కొబ్బరికాయ కొడతారు! ప్రాణం పోయే పరిస్థితి అది. వణుకు మొదలైన వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, తాగుడు సంగతి దాచకండి. గ్లూకోజుకి ముందో, దాంతోపాటో థయమిన్ (బి1 విటమిన్) పడాలి. మాలకి ముందే డాక్టరును కలిస్తే వారం, పది రోజులు మాత్రలు తగ్గించుకుంటూ వాడి, నిలకడగా దీక్షలో కూర్చోవచ్చు.

రెండో చిక్కు 42వ రోజున. మాలతోపాటు "స్వామీ" అనే పిలుపూ పోతుంది. పొద్దున్నే లేపే తోటి స్వాములుండరు, పాత జట్టు సీసాతో దిగుతుంది. ఇరుముడి కట్టకముందే గురుస్వామి దగ్గర కూర్చుని తేల్చుకోవాల్సినవి: సాయంత్రాలు ఎక్కడ గడపాలి, జీతం డబ్బులు ఎవరి చేతిలో ఉండాలి, దీక్షలో అలవాటైన పనుల్లో ఏది మానకూడదు.

అపోహ: గంటలకొద్దీ పూజ అంటే గొప్ప భక్తి.

వాస్తవం: కావచ్చు. కానీ దీపం సరిగా వెలగలేదని అయిదుసార్లు వెలిగించడం, వుజూ (నమాజుకి ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) సరిపోలేదని మళ్లీ మళ్లీ కడుక్కోవడం, దేవుణ్ని తిట్టే ఆలోచన వచ్చిందని గుంజీలు తీయడం... ఇవి రోజుకి గంట దాటి, మనసు కుదుటపడకపోగా బెదురు పెరుగుతుంటే ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) అనుమానించాలి. "పాపం తగలదులే నాన్నా" అని అమ్మ ప్రతిసారీ ధైర్యం చెబితే జబ్బు బలపడుతుంది, ఆ మాట కూడా తంతులో కలిసిపోతుంది. చికిత్సలో దైవదూషణ చేయించరు. పూజారో ఇమామో పాస్టరో ఎంత చాలన్నారో అంతే, ఒక్కసారే చేసి, బెదురు తగ్గేదాకా ఓర్చుకోవడం నేర్పిస్తారు. మందులు పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారంలోనే "గుణం లేదు" అని మానేసేవాళ్లు చాలామంది.

అపోహ: ఉపవాసంలో మాత్రలు వేసుకోకూడదు.

వాస్తవం: మూర్ఛ మాత్ర తప్పితే ఫిట్స్ రావచ్చు. లిథియం (మానసిక ఉద్వేగాలు అదుపు తప్పే జబ్బుకిచ్చే మందు) వాడేవాళ్లు నీళ్లు కూడా మానేస్తే రక్తంలో మందు విషస్థాయికి చేరవచ్చు. రంజాన్‌లో రోగులకి మినహాయింపు ఉంది. ఉండి తీరతామంటే సహర్ (తెల్లవారకముందు తినేది), ఇఫ్తార్ (సాయంత్రం ఉపవాసం విడిచేది) వేళలకి మోతాదులు కుదురుతాయో లేదో డాక్టరునే అడగాలి.

అపోహ: నిద్రాహారాలు మాని జపం చేస్తుంటే కదిలించకూడదు.

వాస్తవం: రెండు, మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట లేదు, మాట ఆగడం లేదు, తానే అవతార పురుషుణ్నంటున్నాడు అంటే ఆరోజే మానసిక వైద్యుడికి చూపించాలి. ఎవరిని కలవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు.