పాత ఇటాలియన్ స్టీల్ సైకిల్ ఫ్రేము: అపోహలు - వాస్తవాలు

పాత ఇటాలియన్ రోడ్ బైక్ ఫ్రేము ఎవరు తెచ్చినా నేను ముందు దాన్ని తలకిందులు చేస్తాను. పెడళ్లు తగిలించే క్రాంకులు తిరిగే అడుగు భాగం, అంటే బాటమ్ బ్రాకెట్ షెల్, ఎంత వెడల్పుందో కాలిపర్‌తో కొలిచాకే రంగు, పేరు చూస్తాను. రంగు మళ్లీ వేయొచ్చు, స్టిక్కర్లు కొత్తవి దొరుకుతాయి. కొలతలను మార్చడం అంత తేలిక కాదు.

అపోహ: డ్రాపౌట్ మీద కాంపాగ్నోలో అని ఉంది, కాబట్టి ఇది కాంపాగ్నోలో ఫ్రేము.

విచెంజాలో 1933లో మొదలైన కాంపాగ్నోలో విడిభాగాల కంపెనీ. వెనక చక్రం ఇరుసు కూర్చునే డ్రాపౌట్లను ఫ్రేములు చేసేవాళ్లకు అమ్మేది. ఇటలీలోనే కాదు, ఇంగ్లండ్, జపాన్‌లలో కూడా వాటిని వాడారు. ఆ ముద్ర ఉంటే చేసినవాళ్లు మంచి సామాను వాడారని అనుకోవచ్చు. ఎవరు చేశారో, ఏ దేశంలో చేశారో దాన్నిబట్టి తెలియదు.

అపోహ: ఎస్‌ఎల్‌ఎక్స్ స్టిక్కర్ ఉంటే అవి ఎస్‌ఎల్‌ఎక్స్ గొట్టాలే.

ఎస్‌ఎల్, ఎస్‌ఎల్‌ఎక్స్, ఎస్‌పీ అనేవి ఇటలీకి చెందిన కొలంబస్ కంపెనీ స్టీల్ గొట్టాల రకాలు. సీట్‌పోస్ట్, అంటే సీటును మోసే కడ్డీ, దాని కొలత మొదటి ఆధారం. కొలంబస్ ఎస్‌ఎల్ గొట్టాలైతే సాధారణంగా 27.2 మి.మీ. పోస్ట్ పడుతుంది, కాస్త మందమైన ఎస్‌పీ అయితే 27.0. అయితే 27.2 దిగట్లేదని వెంటనే తీర్పు చెప్పకండి. ఎవరో సన్నటి పోస్ట్ పెట్టి బోల్టు బలంగా బిగించడంతో సీట్ లగ్, అంటే పోస్ట్ దిగే చోటు, నొక్కుకుపోయిన ఫ్రేములు చాలా చూశాను.

ఎస్‌ఎల్‌ఎక్స్‌కీ 27.2నే కాబట్టి రెండింటి తేడా అక్కడ తేలదు. బాటమ్ బ్రాకెట్ విప్పి, టార్చి వేసి, కింది గొట్టం లోపలికి చూడాలి. ఎస్‌ఎల్‌ఎక్స్ అయితే షెల్ దగ్గర మెలి తిరిగిన సన్నటి గట్లు కనిపిస్తాయి. ఫోర్క్ గొట్టంలో గట్లు చూసి మురిసిపోవద్దు, మామూలు ఎస్‌ఎల్ ఫోర్కులోనూ అవి ఉంటాయి.

అపోహ: ఖరీదైన స్టీల్ అయితే ఫ్రేము తక్కువ వంగుతుంది.

ఒకే మందం, ఒకే వ్యాసం ఉంటే చవక స్టీలూ ఖరీదైన స్టీలూ దాదాపు ఒకేలా వంగుతాయి. ఖరీదైన దానికి బలం ఎక్కువ కాబట్టి గొట్టాన్ని పల్చగా చేయవచ్చు. బరువు తగ్గేది అందుకే.

అపోహ: బాటమ్ బ్రాకెట్ ఏదైనా ఒకటే, బిగిస్తే సరిపోతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఇటాలియన్ షెల్ వెడల్పు 70 మి.మీ., థ్రెడ్ వ్యాసం 36 మి.మీ., అంగుళానికి 24 మరలు. ఇంగ్లిష్ షెల్ 68 మి.మీ., దాని థ్రెడ్ 1.37 అంగుళాలు, అంటే 35 మి.మీ. కంటే కాస్త తక్కువ. షెల్‌కు రెండు వైపులా బేరింగులను పట్టి ఉంచే మరల ముక్కలను కప్పులంటారు. ఇంగ్లిష్‌లో గొలుసు వైపు కప్పు ఎడమకు తిప్పితే బిగుస్తుంది. ఇటాలియన్‌లో రెండు కప్పులూ కుడికే. అందువల్ల తొక్కుతున్నకొద్దీ గొలుసు వైపు కప్పు వదులయ్యే వీలుంది. మరలు శుభ్రం చేసి, ఆ కప్పును గట్టిగా బిగించి, కొన్ని రైడ్ల తర్వాత మళ్లీ చూస్తాను.

ఇంకో సంగతి. 68 మి.మీ. షెల్‌లో 36 మి.మీ. థ్రెడ్ కనిపిస్తే అది ఇంగ్లిష్ షెల్ అయి ఉండి, మరలు చెడిపోయాక ఎవరో ఇటాలియన్ సైజుకు కోసి ఉండొచ్చు. ఇంగ్లిష్ షెల్ పాడైతే అలా ఒక దారుంది. ఇటాలియన్ షెల్ మరలు పాడైతే ఆ దారి లేదు. అందుకే కప్పును మొదటి రెండు చుట్లు చేత్తోనే తిప్పండి, స్పానర్ తర్వాత.

అపోహ: పాత ఫ్రేముకు కొత్త చక్రం పట్టదు.

వెనక డ్రాపౌట్ల మధ్య 5 గేర్ల కాలంలో 120 మి.మీ., 6-7 గేర్ల కాలంలో 126, ఆ తర్వాత 130 ఉండేది. స్టీల్ ఫ్రేమునైతే 126 నుంచి 130కి జాగ్రత్తగా వంచవచ్చు. రెండు వైపులా సమానంగా వంగిందో లేదో తెలియాలంటే ఒక డ్రాపౌట్‌కి దారం కట్టి, ముందు హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో డ్రాపౌట్‌కి లాగి కట్టండి. సీట్ ట్యూబ్ నుంచి దారానికి రెండు పక్కలా దూరం ఒకటే ఉండాలి. తర్వాత డ్రాపౌట్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో చూసుకోవాలి. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను మాత్రం ఎప్పుడూ ఇలా వంచకూడదు.

అపోహ: తుప్పు పట్టిందంటే పనికిరాదు.

క్రోము మీద పైపైన ఉన్న తుప్పుకు నేను భయపడను. నేను వెతికేది కింది గొట్టం అడుగున, హెడ్ ట్యూబ్ వెనక ఉండే అల లాంటి చిన్న ముడతను. కంటికి కనిపించకపోయినా వేలితో నిమిరితే తెలుస్తుంది. అది ఉంటే ముందు నుంచి గట్టిగా గుద్దుకున్న ఫ్రేమని అర్థం. అలాంటిది ఎంత అందంగా ఉన్నా కొనవద్దంటాను.

అపోహ: ప్రతి భాగమూ ఆ కాలానిదే ఉండాలి.

మీరు ఎక్కడ తొక్కుతారో అదే తేలుస్తుంది. టస్కనీలోని గయోలేలో 1997 నుంచి జరుగుతున్న పాత సైకిళ్ల రైడ్ లెరోయికాకు వెళ్లాలంటే 1987కు ముందటి సైకిల్, కింది గొట్టం మీద గేర్ లివర్లు, పెడల్ మీద పాదాన్ని పట్టి ఉంచే టో క్లిప్పులు, హ్యాండిల్ బయట తిరిగే బ్రేక్ కేబుళ్లు కావాలి. రోజూ తొక్కేవాళ్లకైతే కొత్త బ్రేక్ ప్యాడ్లు, కొత్త కేబుళ్లు పెట్టి ఇస్తాను. ఎవరికైనా సరే, సీట్‌పోస్ట్‌కి గ్రీజు రాయకుండా సైకిల్ చేతికివ్వను. అల్యూమినియం పోస్ట్ స్టీల్ గొట్టంలో ఒకసారి పట్టేసిందంటే ఊడదీయడానికి ఒక రోజంతా పడుతుంది.