ముక్క పరీక్ష చెప్పే సంగతి

1933 ఏప్రిల్ 5. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఇవార్ట్స్ గ్రాహం అనే సర్జన్, తన దగ్గరికి రోగిగా వచ్చిన ఓ డాక్టరు ఛాతీ తెరిచారు. ఊపిరితిత్తిలో కేన్సర్ ఉన్న భాగం వరకే తీద్దామనుకున్నారు. లోపల చూస్తే అది కుదిరేలా లేదు. ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. ఊపిరితిత్తుల కేన్సర్‌కి ఒకే ఆపరేషన్‌లో ఊపిరితిత్తంతా తీసేశాక మనిషి కోలుకోవడం అదే మొదలు. ఆ రోగి మరో 30 ఏళ్లు బతికారు. గ్రాహం మాత్రం 1957లో అదే కేన్సర్‌తో పోయారు. సిగరెట్లకీ ఈ జబ్బుకీ ఉన్న లంకె చూపిస్తూ 1950లో వచ్చిన పరిశోధనలో ఆయనదీ చెయ్యి ఉంది. తర్వాత సిగరెట్లు మానేశారు కూడా. కానీ అప్పటికే ఏళ్ల తరబడి తాగి ఉన్నారు.

ఆపరేషన్‌తో మేలు జరిగేది ఎక్కువగా జబ్బు పాకకముందు బయటపడినవాళ్లకే. మిగతావాళ్లకి చాలాకాలం కీమోనే దిక్కు. ముదిరిన కేన్సర్‌కి నాలుగు రకాల కీమో ఇచ్చి పోల్చిన పెద్ద అధ్యయనం 2002లో వచ్చింది. నాలుగింటిలో ఏదీ మిగతావాటికంటే మెరుగు కాదు. ఎనిమిది నెలలు తిరిగేసరికి సగం మంది లేరు. ఆ అంకె చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అదే రోజుల్లో జెఫిటినిబ్ అనే మాత్ర వచ్చింది. చాలామందికి పని చేయలేదు. కొద్దిమందికి మాత్రం వారాల్లోనే గడ్డ కరిగింది. ఎందుకని? 2004లో జవాబు దొరికింది. కణం పైపొరలో ఈజీఎఫ్‌ఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. బయటి నుంచి కబురొస్తేనే అది కణాన్ని పెరగమంటుంది. జన్యువులో చిన్న మార్పొస్తే, బటన్ ఇరుక్కుపోయిన కాలింగ్ బెల్‌లా కబురు లేకుండానే మోగుతూ ఉంటుంది. మాత్ర ఆ ప్రోటీన్‌లోని ఓ గాడిలో కూర్చుని మోత ఆపుతుంది. కేన్సర్ కూడా ఊరుకోదు. కొన్నాళ్లకి చాలామందిలో ఆ గాడినే మార్చేస్తుంది. దానికి విరుగుడుగా 2015లో ఒసిమెర్టినిబ్ అనే మాత్ర వచ్చింది.

ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో ఈ మార్పు మన ఆసియావాళ్లలో, ముఖ్యంగా పొగ అలవాటు లేని ఆడవాళ్లలో ఎక్కువ. మార్పు లేనివాళ్లలో కొందరికి ఇమ్యూనోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే కేన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం ఉంది. కేన్సర్ కణాల మీద పీడీ-ఎల్1 అనే గుర్తు (ఒక ప్రోటీన్) బాగా ఎక్కువగా ఉన్న ముదిరిన కేన్సర్ రోగుల్లో, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందుతో మొదలుపెట్టినవాళ్లు అయిదేళ్ల తర్వాత నూటికి 32 మంది బతికున్నారు. కీమోతో మొదలుపెట్టినవాళ్లలో 16 మందే. అన్ని దశలూ కలిపితే, అమెరికాలో అయిదేళ్లు దాటేవాళ్లు 1970ల్లో నూటికి 12 మంది, ఇప్పుడు పాతిక పైనే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే టీబీ అనుకుని నెలలు గడిచిపోతాయి. కఫంలో టీబీ క్రిములు కనబడక, మందులకీ తగ్గకపోతే సీటీ స్కాన్ అవసరమేమో డాక్టరుని గట్టిగా అడగండి. కేన్సర్ అని తేలితే, ఏ మందు పని చేయొచ్చో చెప్పే జన్యు పరీక్ష కూడా చేస్తున్నారా అని అడగండి. ముక్క పరీక్ష (బయాప్సీ) కోసం గడ్డ నుంచి తీసిన ముక్కను ల్యాబ్‌లో గోరంత మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. ఆస్పత్రి మారేటప్పుడు రిపోర్టులతో పాటు ఆ దిమ్మనీ అడిగి తీసుకెళ్లండి. మళ్లీ సూది గుచ్చే పని తప్పొచ్చు.