21 రోజుల నోటీసు వెనుక కథ

చెన్నైలోని మన తెలుగు సంఘాల సర్వసభ్య సమావేశాల్లో జమాఖర్చుల దాకా అంతా సాఫీగానే సాగుతుంది. బైలా, అంటే సంఘం నియమావళి, సవరణ అనగానే గొంతులు లేస్తాయి. కార్యవర్గం పదవీకాలం రెండేళ్ల నుంచి మూడేళ్లకు పెంచుదామని ఎవరో అంటారు. "ఇది ఎజెండాలో లేదు కదండీ" అని వెనక వరసలోంచి ఒకరు అడ్డు తగులుతారు. "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు అని ఉందిగా" అని వేదిక మీంచి జవాబొస్తుంది.

ఈ తగవుకు పాత చరిత్ర ఉంది. 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘం ఆశయాలు మార్చాలంటే, ప్రతిపాదనను 10 రోజుల ముందే సభ్యులకు పంపాలి. ప్రత్యేక సమావేశంలో ఐదింట మూడు వంతుల ఓట్లు రావాలి. నెల తర్వాత మరో సమావేశం పెట్టి, అంతే బలంతో మళ్లీ ఖాయం చేయాలి. అంటే సభ్యులు ఇంటికెళ్లి ఆలోచించుకోవడానికి నెల గడువు. మామూలు నియమాల మార్పును మాత్రం ఆ చట్టం చాలావరకు సంఘాలకే వదిలేసింది.

తమిళనాడు 1975లో సొంత చట్టం చేసుకుంది. 1978లో అది అమల్లోకి వచ్చింది. పాత సంఘాలూ దాని కిందికే వచ్చాయి. ఇప్పుడు బైలా మార్చాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. సవరణ ఫలానా అని చెబుతూ కనీసం 21 రోజుల ముందు నోటీసివ్వాలి. హాజరైనవారిలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. 40 మంది వస్తే 30 మంది అన్నమాట. మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడు వంతులని పొరబడి ఏళ్ల తరబడి సవరణల జోలికే పోని సంఘాలూ ఉన్నాయి.

కొత్త చట్టంలో రెండో సమావేశం లేదు కాబట్టి భారమంతా ఆ నోటీసు మీదే పడింది. సమావేశానికి రానివాడి హక్కును కాపాడేది ఆ కాగితమే. పదవీకాలం పెంచుతారని ముందే తెలిస్తే అతను పని మానుకునైనా వచ్చేవాడు. అందుకే "ఇతర విషయాలు" కింద సవరణ తేవడం నా దృష్టిలో చిన్న పొరపాటు కానే కాదు.

ఇంకో చిక్కు నమోదుది. తీర్మానం నెగ్గినా రిజిస్ట్రార్ దగ్గర నమోదయ్యేదాకా సవరణ అమలు కాదు. చాలాచోట్ల ఉదయం సవరణ నెగ్గించి, మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త నియమంతోనే ఎన్నిక జరిపేస్తారు. మూడింట ఒక వంతు సభ్యులు అడిగితే రిజిస్ట్రార్ విచారణ జరపొచ్చు. కానీ ఆ ఎన్నిక మీద తగవొచ్చి రెండు కార్యవర్గాలు తామంటే తామంటే, ఏది అసలైనదో తేల్చాల్సింది సివిల్ కోర్టే. అక్కడ జడ్జి ముందుగా అడిగేవి ఆ నోటీసూ, సమావేశంలో జరిగింది రాసుకునే మినిట్స్ పుస్తకమూ.